షుగర్-హార్ట్ మినరల్ ప్యాకేజీ: మూత రంగు మారితే జింక్ మారిపోయింది

ముందే చెప్పేస్తాను, ఈ రక్త పరీక్షల ప్యాకేజీకి నేనిచ్చేది ఐదుకి రెండున్నర. అందులో ఒక మార్కు పూర్తిగా రక్తం తీసుకోవడానికి వచ్చిన కుర్రాడిది. ల్యాబ్ పేరు రాయడం లేదు. తప్పు జరిగితే ఒప్పుకుని, పైసా తీసుకోకుండా మళ్లీ పరీక్ష చేశారు. పైగా ఇలాంటి ప్యాకేజీలు ఇప్పుడు వీధికొకరు అమ్ముతున్నారు, ఒక్కళ్లనే అనడం న్యాయం కాదు.

నేను కాకినాడ పక్కన జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. వయసు 54. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్, టిఫిన్‌కి ముందు గ్లిమిపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్ 40. కొలెస్ట్రాల్ మాత్ర కూడా ఉండాలి, దాని సంగతి తర్వాత చెప్తాను. అది కాస్త సిగ్గుపడాల్సిన విషయం.

రెండేళ్ల కిందట మావారికి స్టెంట్ వేశారు. ఆయనకి షుగర్ లేదు. లేని మనిషికే ఇలా అయితే ఉన్నదాన్ని నా గతేంటని అప్పటినుంచి లోపల ఒకటే గుబులు. మా మరిది దానికి ఆజ్యం పోశాడు. "వదినా, షుగరున్నవాళ్లకి గుండెపోటు నొప్పి కూడా తెలీకుండా వచ్చేస్తుందంట" అని చెప్పి, ఆ రాత్రే వాట్సాప్‌లో ఈ ప్యాకేజీ ప్రకటన పంపాడు. నొప్పి తెలీకుండా రావచ్చన్నది అబద్ధం కాదు, షుగర్ నరాలని దెబ్బతీస్తే అలా జరుగుతుంది. అందుకే మరీ భయం వేసింది. ప్రకటనలో 62 పరీక్షలు. మామూలు షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ, థైరాయిడ్‌తో పాటు జింక్, రాగి, సెలీనియం, క్రోమియం, మెగ్నీషియం, ఆ పైన సీసం, ఆర్సెనిక్, పాదరసం. "మీ గుండె ముప్పు మీ ఖనిజాల్లోనే ఉంది" అని పెద్ద అక్షరాలు. 4,999 కొట్టేసి 2,799. పీరియాడిక్ టేబుల్ చెప్పుకుని బతికేదాన్ని కదా, ఇన్ని మూలకాలు ఒకే కాగితం మీద కనిపించేసరికి వేలు ఆగలేదు.

(మెగ్నీషియాన్ని ట్రేస్ మినరల్స్ జాబితాలో వేశారు. అది రోజుకి వందల మిల్లీగ్రాముల్లో కావలసింది. ట్రేస్ అంటే మిల్లీగ్రాముల్లోనో మైక్రోగ్రాముల్లోనో సరిపోయేది. మా తొమ్మిదో తరగతి పిల్లాడు ఇలా రాస్తే అర మార్కు కోసేదాన్ని.)

ఆదివారం పొద్దున ఆరున్నరకి వస్తామన్నారు, ఆరూ ఇరవై ఐదుకే బండి చప్పుడు వినిపించింది. కుర్రాడికి పాతికేళ్లుంటాయి. చేతులు శానిటైజర్‌తో తుడుచుకున్నాడు, కొత్త సూది నా కళ్లముందే విప్పాడు. నా నరాలు దొరకవు, ఆసుపత్రిలో నర్సులు మూడేసి సార్లు గుచ్చుతారు. ఇతను మోచేతి మడతలో వేలితో రెండుసార్లు నొక్కి చూసి, ఒక్క పోటుకే తీశాడు. నీలం బ్యాగులో ట్యూబులు వరసగా పేర్చుకున్నాడు: ఊదా మూతది, బూడిద రంగుది, పసుపువి రెండు, ముదురు నీలం మూతది ఒకటి. ఆఖర్న బ్యాగంతా వెతికి, "నేవీ బ్లూది ఇంకోటి ఉండాలి మేడం, అయిపోయినట్టుంది. ఉన్నది హెవీ మెటల్స్‌కి పెట్టేస్తాను, జింక్ పసుపు దాంట్లోంచే చేసేస్తార్లెండి" అన్నాడు. నేనూ సరే అన్నాను. మూత రంగులో ఏముందిలే అనుకున్నాను.

మంగళవారం రాత్రి పీడీఎఫ్ వచ్చింది, 19 పేజీలు. గుండె బొమ్మలు, ఎరుపు పసుపు ఆకుపచ్చ బాణాలు, మధ్యలో వాళ్ల జిమ్ ప్రకటన ఒకటి. జింక్ దగ్గర 146, పక్కన ఎర్రటి అక్షరంలో ఎక్కువ అని. వాళ్ల నార్మల్ 70 నుంచి 120. బుధవారం స్టాఫ్ రూమ్‌లో ఉండగా వాళ్ల కౌన్సెలర్ ఫోన్. "మేడం, మీ రిపోర్ట్ ప్రకారం మీకు మినరల్ సపోర్ట్ కావాలి. మా టాబ్లెట్ ఒక స్ట్రిప్ ఫ్రీగా పంపిస్తున్నాం."

"అందులో ఏముంటాయండి?"

"జింక్, క్రోమియం, సెలీనియం అన్నీ ఉంటాయి మేడం."

"జింక్ ఎక్కువుందని మీరే రాశారు కదా. మళ్లీ జింకా?"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అది బ్యాలెన్స్ చేస్తుంది మేడం" అంది. పక్క టేబుల్ దగ్గర మా తెలుగు మాస్టారు నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయారు.

మా అమ్మాయి విశాఖలో ఫార్మ్ డీ, అంటే మందుల చదువు చదువుతోంది. రాత్రి రిపోర్ట్ పంపితే అది గుండె బొమ్మలేవీ చూడలేదు. "అమ్మా, జింక్‌కి ఏ ట్యూబ్‌లో తీశారు?" అనే మొదటి ప్రశ్న. పసుపు మూత అన్నాను. "అయితే ఆ 146ని చింపి పారెయ్" అంది. మామూలు ట్యూబుల రబ్బరు మూతల్లో జింక్ ఉంటుందట, అది కొంచెం కొంచెం రక్తంలోకి దిగుతుంది. ట్యూబ్ దార్లో కుదుపులకి ఊగి ఎర్ర కణాలు పగిలినా అంతే, వాటి లోపలి జింక్ బయటపడి లెక్క పెరుగుతుంది. అందుకే ట్రేస్ మెటల్స్‌కని వేరే తయారుచేసిన నేవీ బ్లూ మూత ట్యూబ్ వాడాలి. పొద్దున్నే పరగడుపున తియ్యాలి, ఎందుకంటే తిన్నాక జింక్ తగ్గుతుంది. ముప్ఫయ్యేళ్లుగా పిల్లలకి రబ్బరు వల్కనైజేషన్, అంటే రబ్బరుని గట్టిపరచడం చెప్తున్నాను, సల్ఫర్‌తో పాటు జింక్ ఆక్సైడ్ వేస్తారని కూడా చెప్తాను. నా చేతికి గుచ్చిన రక్తం దగ్గరికొచ్చేసరికి తట్టలేదు.

ల్యాబ్‌కి ఫోన్ చేస్తే ఒకామె ఇరవై నిమిషాలు నన్ను అటూ ఇటూ తిప్పింది. చివరికి ఒక సీనియర్ టెక్నీషియన్ లైన్లోకొచ్చి, ఏ మాత్రం సాగదీయకుండా "మీరు చెప్పింది కరెక్టే మేడం, మళ్లీ తీస్తాం" అన్నాడు. శుక్రవారం పొద్దున అదే కుర్రాడు వచ్చాడు. ఈసారి నేవీ బ్లూ మూతవి నాలుగు తెచ్చి, నాకు చూపించి మరీ తీశాడు. "సారీ మేడం, నాకు ట్రైనింగ్‌లో చెప్పలేదు" అన్నాడు. కాఫీ ఇస్తానంటే ఇంకా ఏడిళ్లున్నాయని వెళ్లిపోయాడు.

కొత్త జింక్: 84.

ఒకే మనిషి, ఐదు రోజుల తేడా. 146 ఒకసారి, 84 ఇంకోసారి. రెండోది నార్మల్. ఇక్కడితో ఊరుకుని ఉంటే ఈ రివ్యూ సగంలోనే అయిపోయేది. కానీ మా అమ్మాయి చేత గుండెకి, జింక్‌కి లింకేంటో చెప్పే పరిశోధన ఒకటి తెప్పించుకుని చదివాను. ఫిన్లాండ్‌లో టైప్ 2 షుగరున్న 1,059 మందిని ఏడేళ్లు గమనించి 2007లో అచ్చువేసింది. రక్తంలో జింక్ 14.1 మైక్రోమోల్స్ లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో గుండె రక్తనాళాల జబ్బుతో పోయినవాళ్లు 20.8 శాతం, ఎక్కువ ఉన్నవాళ్లలో 12.8 శాతం. మిగతా ముప్పులన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా నిలిచింది. వాళ్ల కొలత లీటరుకి మైక్రోమోల్స్, మా ల్యాబ్ కొలత డెసీలీటరుకి మైక్రోగ్రాములు. జింక్ పరమాణు భారం 65.4. కరెంటు బిల్లు వెనకాల 14.1 ఇంటూ 65.4, పదితో భాగించి చూస్తే 92 వచ్చింది.

మా ల్యాబ్ ప్రకారం 84 అంటే నార్మల్. ఫిన్లాండ్ వాళ్ల గీత దగ్గర నేను తక్కువ జింక్ గుంపులో ఉన్నాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడే ఫ్రీ స్ట్రిప్ విప్పాను, తర్వాత ఇంకో రెండు స్ట్రిప్పులు కొన్నాను. ఒక్కోటి 285 రూపాయలు, 15 మాత్రలు.

ఇక ఆ మాత్ర సంగతి. పెద్దది, ముదురు గోధుమ రంగు, నాలిక మీద పెడితే తుప్పు పట్టిన మేకు నాకినట్టు ఉంటుంది. అట్ట వెనకాల జింక్ 12 మి.గ్రా., సెలీనియం 40 మైక్రోగ్రాములు, క్రోమియం పికోలినేట్ 200 మైక్రోగ్రాములు. 200 చూసి ఘనంగానే ఉందనుకున్నాను. తర్వాత లెక్కేస్తే, పికోలినేట్‌లో క్రోమియం బరువు ఎనిమిదో వంతు మాత్రమే. అణుభారం 418లో క్రోమియం వాటా 52. అంటే లోపలున్న అసలు క్రోమియం పాతిక మైక్రోగ్రాములు. 1997లో బీజింగ్‌లో 180 మంది షుగరున్నవాళ్ల మీద చేసిన ప్రయోగంలో బాగా ఫలితం కనిపించింది రోజుకి 1,000 మైక్రోగ్రాముల క్రోమియం ఇచ్చిన గుంపులో. ఆ లెక్కన నేను రోజుకి నలభై మాత్రలు మింగాలి. పోనీ మింగినా, ఆ తర్వాత వచ్చిన ప్రయోగాలు అన్నిచోట్లా అదే ఫలితం చూపించలేదు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ షుగర్ అదుపు కోసం క్రోమియం సిఫారసు చెయ్యదు. అట్ట మీద కింద చిన్న అక్షరాల్లో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఉంది, పక్కన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. అంటే చట్టం దృష్టిలో అది మందు కాదు, తిండి లెక్క. కౌన్సెలర్ మాత్రం ఫోన్లో "కోర్సు" అంటుంది.

మొదటి వారం పరగడుపున వేసుకున్నాను, పొద్దున ఐదున్నరకి, కాఫీకి ముందు. మూడో రోజు టెన్త్ పరీక్షల ఇన్విజిలేషన్. ఇరవై నాలుగు మంది పిల్లలు తల వంచుకుని రాసుకుంటుంటే నాకు కడుపులో తిప్పడం మొదలైంది. గోడ పట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి, నోట్లో లాలాజలం మింగుతూ అరగంట గడిపాను. ఖాళీ కడుపు మీద జింక్ పడితే చాలామందికి ఇలా అవుతుందని తర్వాత తెలిసింది. అన్నం తర్వాత వేసుకుంటే తగ్గింది. ఈ ఒక్క ముక్క అట్ట మీద రాస్తే వాళ్ల సొమ్మేం పోయేది?

సెలీనియం 40 మైక్రోగ్రాములంటే మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రోజుకి సరిపోతుందన్న మోతాదే, దానికి నేను గోల చెయ్యను. కానీ ఎక్కువ డోసు సెలీనియం గుండెకి మంచిదని మా మరిది పంపే మెసేజీలకి మాత్రం ఒక జవాబుంది. అమెరికాలో ఇంకో జబ్బు కోసం రోజుకి 200 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చిన ఒక ప్రయోగంలో, సగటున 7.7 ఏళ్లు చూస్తే, సెలీనియం తీసుకున్న 600 మందిలో 58 మందికి కొత్తగా షుగర్ వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 602 మందిలో 39 మందికి. షుగర్ ఉన్నవాళ్లకి అమ్మే డబ్బా మీద ఈ సంగతి ఎవరూ రాయరు.

సీసం, పాదరసం పేజీ గురించి ఒక్క ముక్క. నావి అన్నీ నార్మల్. అయినా కౌన్సెలర్ "డీటాక్స్ డ్రిప్" చేసే క్లినిక్ ఒకటి తెలుసంది. కీలేషన్ అంటారు, రక్తంలోని లోహాల్ని పట్టి మూత్రంలోకి తోసేసే మందు సెలైన్లో ఎక్కిస్తారు. ఇది ఊరికే పుట్టిన మాట కాదు. 2013లో వచ్చిన ఒక పెద్ద అమెరికా ప్రయోగంలో, అప్పటికే గుండెపోటు వచ్చి షుగర్ కూడా ఉన్న 633 మందిలో చాలా లాభం కనిపించింది. అందుకే అలాంటివాళ్లని 1,000 మందిని తీసుకుని మళ్లీ చేశారు. 2024లో ఫలితం వచ్చింది: ఒంట్లో సీసం బాగా తగ్గింది, గుండెపోట్లు ఏమీ తగ్గలేదు. నాకు గుండెపోటూ రాలేదు, సీసమూ లేదు. ఆ క్లినిక్ అడ్రస్ నేను రాసుకోలేదు.

ఇప్పుడు ఆ సిగ్గు సంగతి. ఆరు నెలల కిందట మా డాక్టరుగారు కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 10 రాశారు. పదిహేను రోజులు వేసుకుని ఆపేశాను. కాళ్లు లాగినట్టు అనిపించింది, పైగా ఆ మాత్ర లివర్‌ని తినేస్తుందని ఒక వీడియో చూశాను. ఆయనకి చెప్పలేదు. నెలకి వంద రూపాయలు కూడా కాని మాత్ర మానేసి, నెలకి 570 రూపాయల తుప్పు మేకు మింగుతున్నానన్నమాట.

ఆరు వారాలయ్యాక 19 పేజీలూ పట్టుకుని భానుగుడి జంక్షన్ దగ్గర ఆయన క్లినిక్‌కి వెళ్లాను. ఖనిజాల పేజీలు వేలితో దాటించేసి ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్ దగ్గర ఆగారు. 138.

"మాత్ర వేసుకుంటున్నారా అమ్మా?"

లేదన్నాను. తిట్టలేదు. కాళ్లు ఎక్కడ లాగాయి, ఎప్పుడు లాగాయి అని అడిగి, బీ12 ఎంతుందని మళ్లీ పేజీలు తిప్పారు. 178. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, కాళ్లలో తిమ్మిర్లు అందువల్లా రావచ్చు అన్నారు. ఆ ప్యాకేజీలో నాకు నిజంగా పనికొచ్చిన అంకె ఇదే, ఇది లేకపోతే ఒక మార్కు ఇంకా కోసేదాన్ని. తర్వాత "మూత్రంలో ఏసీఆర్ ఎంతుంది?" అని అడిగారు. ఇద్దరం వెతికాం. 62 పరీక్షల్లో అది లేదు.

ఏసీఆర్ అంటే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత కారుతోందో చూసే పరీక్ష. 30 దాటితే కిడ్నీకే కాదు, షుగరున్నవాళ్లలో గుండెకీ హెచ్చరిక. కిందే ఉన్న చిన్న ల్యాబ్‌లో 350 రూపాయలకి చేశారు, సాయంత్రానికి రిపోర్ట్. 68. టెల్మిసార్టాన్ 40ని 80 చేశారు, మూడు నెలల్లో మళ్లీ చూద్దామన్నారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1 గురించి ఇద్దరికీ మాటల్లేవు, నాకే తెలుసు స్కూల్లో పుట్టినరోజు చాక్లెట్లు ఎన్ని తింటానో.

ఫిన్లాండ్ కాగితం చూపించి జింక్ గురించి అడిగాను. షుగర్ ఎక్కువున్నప్పుడు జింక్ మూత్రంలో ఎక్కువ పోతుంది, కాబట్టి జింక్ తగ్గడం చాలాసార్లు జబ్బు ముదరడానికి గుర్తు కావచ్చు అన్నారు. ఆ పరిశోధనలో ఎవరికీ జింక్ ఇవ్వలేదు, ఉన్నదాన్ని కొలిచారంతే. ఇస్తే గుండెపోట్లు తగ్గుతాయా అన్నది వేరే ప్రశ్న. అదే అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. సంగతి వేరు: షుగరుండి గుండె జబ్బు లేని 2,838 మందికి మాత్రో ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూశారు, 2004లో అచ్చయింది, పెద్ద గుండె సమస్యలు, పక్షవాతాలు 37 శాతం తగ్గాయి. ఆయన ఇదంతా చెప్తూ చీటీ మీద మళ్లీ అదే మాత్ర రాశారు, పక్కన బీ12. ఆ చీటీ ఎప్పటిలా మందుల షాపు కుర్రాడు తప్ప ఎవరూ చదవలేరు.

జింక్ మాత్ర ఆపమనలేదు, కానీ అది నాకు అవసరం లేదన్నారు. ఎక్కువ డోసులో ఏళ్ల తరబడి వేసుకుంటే రాగి తగ్గిపోతుందని మా అమ్మాయి చెప్పింది. నా మాత్రలో 12 మిల్లీగ్రాములే గనక ఆ భయం లేదు, కానీ నాకే విసుగొచ్చింది. ఆడవాళ్లకి రోజుకి 13.2 మి.గ్రా. జింక్ కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. పప్పుల్లో, ధాన్యాల్లో ఉన్న ఫైటేట్ అనే పదార్థం జింక్‌ని పట్టుకుని కూర్చుంటుంది, నానబెడితే, మొలకెత్తిస్తే, పులియబెడితే కొంత వదులుతుంది. అంటే మా అత్తగారు రాత్రి నానబోసి పొద్దున మొలకలు కట్టే పెసలు. గుమ్మడి గింజలు కొన్నాను. పీతలకి కాకినాడలో కొదవేముంది, ఇగురు చేస్తే మావారు నూనె గురించి గొణుగుతూనే మూడు తిన్నారు.

స్ట్రిప్పులో ఇంకా మూడు మాత్రలు మిగిలాయి. వాటిని స్కూల్ ల్యాబ్‌కి తీసుకెళ్లాను, ఫార్ములాలోంచి మూలకం శాతం లెక్కగట్టే పాఠానికి. పదో తరగతి పిల్లలు 200ని 25 చేసేసరికి "మోసం మేడం" అని అరిచారు. మోసం కాదురా, అట్ట మీద సరిగ్గానే రాశాడు, మనం చదవలేదు అన్నాను.

ఎవరైనా ఇది బుక్ చేసుకోవాలనుకుంటే: బీ12, ఎల్‌డీఎల్, హెచ్‌బీఏ1సీ విడిగా ఎంతవుతాయో మీ దగ్గరి ల్యాబ్‌లో అడగండి. మా ఊళ్లో 1,200 లోపే, ఏసీఆర్‌తో కలిపి. ఖనిజాలు చూపించుకోవాలన్న కోరిక మరీ ఉంటే, లేదా డాక్టరే అడిగితే, నేవీ బ్లూ మూత ట్యూబ్ కళ్లతో చూశాకే చెయ్యి చాపండి. మాత్రలకి నేను సున్నా ఇస్తున్నాను. కుర్రాడు ఆదివారం వస్తే వాడి దగ్గరే గుచ్చించుకోండి, చెయ్యి తేలిక.

మొన్న మళ్లీ కౌన్సెలర్ ఫోన్ చేసింది. రెండోసారికి 40 శాతం తగ్గింపు, 71 పరీక్షలట. "అందులో ఏసీఆర్ ఉందా అండి?" అని అడిగాను. స్పెల్లింగ్ అడిగి రాసుకుంది. కనుక్కుని చెప్తానంది. పది రోజులైంది.